మూడేండ్ల సూది ఎవరికి?

వానలు పడ్డ రెండు నెలలకు మా మొగుడంపల్లి బాటల రెండు దిక్కులా తెల్లపూలు విచ్చుకుంటాయి. దూరం నుంచి చూసేవారికి ముచ్చటగానే ఉంటుంది. పేరు కూడా ముచ్చటైనదే, వయ్యారిభామ. 1950ల నడుమ పుణెలో కనబడ్డ ఈ కలుపు అమెరికా గోధుమలతో పాటు వచ్చిందంటారు. ఎట్లా వచ్చినా ఇప్పుడు చేనుగట్టు మీద, బడి గోడ పక్కన, వాడ చివర అంతటా అదే. చెరుకులో, అల్లంలో, కందిలో వంగి వట్టి చేతులతో దాన్ని పీకేది మాత్రం భూమి ఉన్న దొర కాదు. కైకిలికి పోయిన మన ఆడవాళ్లు. పూతకాలంలో దాని పుప్పొడి ముక్కులో పడితే తుమ్ములు, కండ్లమంట, కొందరికి రాత్రిపూట దమ్ము.

ఈ దమ్ము మా ఇంట్లోనే ఉంది. మాకూ ఉంది, మా అక్కకూ ఉంది. మేం నాలుగక్షరాలు నేర్చి బడిపంతులమైనం. అక్క చేన్లోనే ఉండిపోయింది. మా దమ్ముకు సుద్దముక్క పొడే కారణమని ఏండ్లకొద్దీ తిట్టుకున్నం. చివరికి హైదరాబాద్‌లో ఒక దవాఖానకు పోతే చేతిమీద చుక్కలు పెట్టి, సన్నసూదితో పొడిచి పావుగంట చూసినారు. ఇంటిదుమ్ములో బతికే కంటికానని పురుగుల చుక్క దగ్గర దద్దురు లేచింది. వయ్యారిభామ చుక్క దగ్గరా లేచింది. సుద్దముక్క పాపం నిర్దోషి!

డాక్టరు చెప్పిన వైద్యం విని మొదట నవ్వొచ్చింది. ఏది పడదో దాన్నే సూదిలో ఎక్కిస్తారట! కానీ ఇది నిన్నమొన్నటి పద్ధతి కాదు. 1911లోనే లండన్‌లో లియోనార్డ్ నూన్ అనే వైద్యుడు గడ్డి పుప్పొడి రసాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి చూసి ‘లాన్సెట్’ పత్రికలో రాసినాడు. రెండేండ్లకే ఆయన క్షయతో పోయినాడు. తోటి వైద్యుడు ఫ్రీమన్ ఆ పని కొనసాగించినాడు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని అలర్జీకి టీకా అని గుర్తించింది.

అసలు అలర్జీ అంటే ఏమిటి? హాని చెయ్యని దాన్ని ఒళ్లు శత్రువనుకొని గగ్గోలు పెట్టడం. చాలా పలచని మోతాదుతో మొదలుపెట్టి వారంవారం పెంచుకుంటూ పోతే ఒళ్లు మెల్లగా అలవాటు పడుతుంది. నాలుగైదు నెలలు వారానికో సూది, ఆ తర్వాత నెలకొకటి, మొత్తం మూడు నుంచి ఐదేండ్లు. పూర్తిగా వేయించుకుంటే ఆపిన తర్వాత కూడా కొన్నేండ్లు గుణం నిలుస్తుందని 1999లో లండన్ వైద్యులు గడ్డి పుప్పొడి విషయంలో చూపినారు. మాట్లలు, పంపులు బాధను అణచిపెడతాయి. ఈ సూది ఒంటి గుణాన్నే మారుస్తుంది. తేడా అదీ. (సాటి మనిషిని తాకితే మైలపడ్డామని గగ్గోలు పెట్టే ఒళ్లు కూడా ఈ దేశంలో ఉన్నాయి. వాటికి ఏ సూది ఉన్నదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.)

మేం మూడేండ్లు వేయించుకున్నం. దమ్ము మాయం కాలేదు గాని, రాత్రుళ్లు కూర్చొని తెల్లార్చడం పోయింది. అక్కను కూడా రమ్మన్నం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే గదా అన్నం. అక్క ఏమన్నదో తెలుసా?

“బస్సు ఉత్తదే తమ్మీ. నా కైకిలి ఉత్తదా? వారానికో దినం పట్నంల కూసుంటే మేస్త్రి మల్ల పనికి పిలుస్తడా? అది జీతగాళ్ల సూది. మా సూది ఊర్లనే దొరుకుతది.”

ఆ ఊరి సూది ఏమిటో మనకందరికీ ఎరుకే. దమ్ము లేచిన రాత్రి పోతే ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తాడు. తెల్లారేసరికి చేన్లోకి పోవచ్చు. అది అలర్జీ టీకా కాదు. చాలాసార్లు స్టెరాయిడ్ సూది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు స్టెరాయిడే కాపాడుతుంది, నిజమే. కానీ ఏడాదిలో మళ్లీమళ్లీ వేయించుకుంటే మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అర్ధరాత్రి తలుపు తడితే లేచొచ్చేది ఆయనొక్కడే. కాబట్టి తప్పంతా ఆయనమీదికి నెట్టి చేతులు దులుపుకోలేం. జీతమున్నవాడికి మూడేండ్ల సూది, కైకిలోళ్లకు ఒక్కరాత్రి సూది. ఈ పంపకం ఎవరు చేసినారు?

“పేదవాళ్లు మూడేండ్లు తిరగరు, నడుమనే మానేస్తారు” అని చదువుకున్న పెద్దలు అంటుంటారు. అట్లనా? ప్రతి మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందుకు రాత్రంతా లైన్లో నిలబడేది ఎవరు? అది కూడా వరుసగా మూడేండ్లు మింగాలంటారు. మింగుతున్నారు గదా! ఆ మందుకు శాస్త్రం రుజువు చూపలేదు. అయినా సర్కారు చేపపిల్లలు అమ్మించి, పోలీసు బందోబస్తు పెడుతుంది. మనోళ్లకు ఓపిక లేక కాదు. ఓపికను నమ్మి దవాఖానను దగ్గరికి తెచ్చేవాళ్లు లేక. క్షయకు ఆరు నెలల మందును ఆశ కార్యకర్త ఊర్లోకే తెచ్చి మింగిస్తున్నప్పుడు, దమ్ముకు ఎందుకు కుదరదు?

ఈ సూది అందరికీ పనికిరాదు, ఎక్కడపడితే అక్కడ వేసేదీ కాదు. దమ్ము అదుపులో లేనివాళ్లకు వేయకూడదు. ముందు రోజువారీ పంపుతో అదుపు చెయ్యాలి. వయ్యారిభామ తాకి చర్మం పగిలే జబ్బు వేరు, దానికి ఇది మందు కాదు. సూది వేసినాక అరగంట డాక్టరు కండ్లముందే కూర్చోవాలి, అడ్రినలిన్ పక్కనే ఉండాలి. బ్రిటన్‌లో 1957 నుంచి 26 మంది ఈ సూదులతో చనిపోయినారని 1986లో అక్కడి మందుల భద్రతా కమిటీ లెక్కతీసి కట్టడి పెట్టింది. అందుకే దీన్ని ఆర్‌ఎంపీల చేతికి ఇమ్మని మేం అడగడం లేదు.

మేం అడిగేది ఇది. జహీరాబాద్ ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక దినం, సంతరోజు చూసి, అలర్జీ పరీక్ష, సూది పెట్టండి. నేర్చిన డాక్టరును పెట్టండి. పసిపిల్లలకు టీకా వేసి అరగంట కూర్చోబెట్టే బెంచీ ఉండనే ఉంది. అడ్రినలిన్ కోటి రూపాయల మందేం కాదు. మొదటి మోతాదు డాక్టరు ముందర వేసుకొని, తర్వాత ఇంట్లోనే నాలుక కింద పెట్టుకునే చుక్కలు, బిళ్లలు కూడా వచ్చినాయి. సూదికి తిరగలేనివాళ్లకు అవి ఇవ్వండి. రోజువారీ పంపు మాత్రం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడుగునా ఉండాలి. ఉపాధి పనిలో వయ్యారిభామను పూతకు రాకముందే పీకించండి. పీకే చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ ఇవ్వండి.

సంఘాల అన్నలకూ, అక్కలకూ ఒక మాట. భూమి అడిగినం, కూలి అడిగినం, స్మశానం జాగా అడిగినం. ఊపిరి కూడా అడగవలసిన దినం వచ్చింది. మీ వాడలో రాత్రుళ్లు కూర్చొని తెల్లార్చేవాళ్లు ఎంతమంది? ఈ పూతకాలంలోనే ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయండి. ఆ పట్టీ పట్టుకొని ఆసుపత్రి మెట్లెక్కుదాం. మా అక్క పేరు మొదటి వరుసలో రాసినం.