మేడ మీద రెజిన్ కంపు, డిక్కీలో పాట

కారులో పాటల కోసం మగపిల్లలు డబ్బు తగలేస్తుంటే ఇంట్లో ఆడవాళ్ళం మాన్పించాలా, ఊరుకోవాలా? మా కంచరపాలెంలో ఈ మాట వచ్చినప్పుడల్లా నేను ఒంటరిదాన్నైపోతున్నానండీ. పక్కింటి పిన్నిగారి దగ్గర్నుంచి మా తోటికోడలి దాకా అందరిదీ ఒకటే మాట, మాన్పించమని. నాది మాత్రం వేరే మాట. కొనే పిల్లాణ్ణి అడ్డుకుంటే అడ్డుకోండి గానీ, చేత్తో చేసుకునే పిల్లాణ్ణి అడ్డుకోకండి.

మా మరిది కొడుకు ఐటీఐ చదివి, కార్లకి సీటు కవర్లూ స్పీకర్లూ బిగించే షాపులో పనిచేస్తున్నాడు. ఒక పాత కారు కొనుక్కున్నాడు. దాని డిక్కీలో పన్నెండంగుళాల సబ్‌ఊఫర్ పెట్టాలని వాడి కోరిక. బజార్లో దొరికే చెక్క పెట్టె పెడితే డిక్కీ సగం అదే తినేస్తుంది. సంక్రాంతికి ఊరెళ్తే బియ్యం బస్తా ఎక్కడ పెట్టుకుంటాం? అందుకని చక్రం వెనక వంపు తిరిగిన మూల ఉంటుంది చూడండి, ఎందుకూ పనికిరాని చోటు, ఆ వంపుకి అచ్చంగా అతుక్కునేలా ఫైబర్‌గ్లాస్ పెట్టె చేస్తానన్నాడు. "పెద్దమ్మా, మీ మేడ మీద చోటిస్తావా?" అని అడిగాడు. సామాను చోటు పోదంటే నాకు అభ్యంతరం ఏముంటుంది!

ఫైబర్‌గ్లాస్ అనగానే అదేదో పెద్ద ఫ్యాక్టరీ సరుకనుకుంటాం గానీ, మన విశాఖకి కొత్త కాదు. చేపల రేవుకెళ్తే చెక్క తెప్పల చోట వచ్చిన ఫైబర్ పడవలు కనిపిస్తాయి. అమెరికాలో 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ అనే కారుకి ఒళ్ళంతా ఇదే. గాజు నారతో చేసిన చాప, దాన్ని తడిపే రెజిన్, రెజిన్‌ని గట్టిపరిచే ద్రవం. సరుకు ఇంతే, తక్కినదంతా చేతిపనే.

డిక్కీ మూలకి ముందు టేపు అంటించి, దాని మీద చాప ముక్కలు పరిచి, రెజిన్ బ్రష్షుతో అద్దాడు. ఎండాక ఊడదీస్తే పెట్టె వెనక భాగం తయారు. దాని ముందు స్పీకరు కూర్చునే చెక్క రింగు నిలబెట్టి, మా అమ్మాయి పాత ట్రాక్ ప్యాంటు చింపి, సాగదీసి చుట్టూ బిగించాడు. గుడ్డ మీద రెజిన్ పోస్తే బిర్రుగా అయింది. ఆపైన మళ్ళీ చాప, మళ్ళీ రెజిన్, పుట్టీ, గీకుడు. గీకుడంటే ఒక పూట కాదు, రెండు ఆదివారాలు.

పెట్టె లోపల ఎంత గాలి పట్టాలన్నది స్పీకరుని బట్టి ఉంటుందట. వాడికి కావలసింది 28 లీటర్లు. వంకరటింకర పెట్టెలో ఎన్ని లీటర్లు పడతాయో స్కేలుతో తేలదు కదా. మరమరాలు పోసి కొలవండన్నాను. లీటరు మగ్గుతో పోస్తే దాదాపు 30 పట్టింది. స్పీకరు వెనక భాగం ఆక్రమించేది తీసేస్తే సరిపోయింది. ఆ మరమరాలు తినడానికి మాత్రం పనికిరావు, రెజిన్ వాసన పట్టేస్తుంది.

ఇక కంపు సంగతి. "ఏటమ్మా ఈ గబ్బు?" అని కింది వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చేసింది. ఆవిడ అడగడంలో తప్పులేదు. రెజిన్‌లో ఉండే స్టైరీన్ తలనొప్పి తెప్పిస్తుంది. నిప్పంటుకుంటుంది కూడా. ఇలాంటి చోట మనం మెత్తబడకూడదు. గదిలో కాదు, మేడ మీదే చెయ్యాలి. కరోనా రోజుల గుడ్డ మాస్కు దీనికి చాలదు, ఆవిరిని ఆపే ఫిల్టరున్నదే పెట్టుకోవాలి. రెజిన్‌లో కలిపే కోబాల్టునీ, గట్టిపరిచే ద్రవాన్నీ ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పొయ్యకూడదు, భగ్గుమంటుంది. మన ఎండలకి రెజిన్ మగ్గులోనే వేడెక్కి గట్టిపడిపోతుంది కాబట్టి పొద్దున్నే కొంచెం కొంచెం కలుపుకోవాలి. గీకిన బట్టలు విడిగా ఉతకాలి. ఆ గాజు నార చిన్నపిల్లల బట్టలకంటితే రాత్రంతా గోకుడే. వైరింగు విషయంలో ఒకటి అడిగి తీరండి: బ్యాటరీ నుంచి వచ్చే తీగకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉందా లేదా అని.

తెలుగు బి.ఏ. చదివిన పాపానికి ఇంకో మాట. మనకి సడి వేరు, సవ్వడి వేరు, మోత వేరు, రొద వేరు. మంచి పెట్టెలో మృదంగం మీద వేలు పడిన తీరు కూడా వినిపిస్తుంది. వీధి కిటికీలు గడగడలాడించేది రొద. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి వెళ్తే నాలుగు గంటలే, 100కి వెళ్తే 20 నిమిషాలే. అందుకే వాడితో ఒప్పందం చేసుకున్నాను. మన సందులో మలుపు తిరిగాక వాల్యూమ్ తగ్గాలి, ఎదురింట్లో పసిపిల్లుంది. రెండుసార్లు మరిచిపోయాడు, రెండుసార్లూ వీధిలో నిలబెట్టి కారు ఆపించాను.

మా అమ్మాయి కూడా గీకుడులో కూర్చుంది. ఉప్పుకాగితం పట్టడంలో వాడికన్నా దానికే ఓపిక. "ఆడపిల్ల చేతులు పాడైపోవూ?" అని చుట్టాలావిడ వాపోయింది. అంట్ల సబ్బుతో నా చేతులు ఇరవయ్యేళ్ళుగా పగులుతున్నాయి. ఆ సంగతి ఆవిడ ఒక్కసారీ అడగలేదు.

అసలు బాధ నాకు పెళ్ళి మాటల దగ్గర. మొన్న ఒక సంబంధం వాళ్ళు "కార్లకి పాటలు పెడతాడట" అని నవ్వారట. స్టీల్ ప్లాంటు ఉద్యోగమైతే నవ్వేవారు కాదు. మా ముందు తరం అంతా పోర్టు, ప్లాంటు, రైల్వేల చుట్టూనే బతికింది, కాదనను. కానీ 2021లో ప్లాంటు అమ్మకం మాట వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇళ్ళల్లో ఎంత గుబులుందో మనకి తెలీదా? వంపుకి సరిగ్గా అతికే పెట్టెని కొలతపెట్టి, అచ్చుతీసి, నునుపు చేసిన చేతులు పడవ రిపేరైనా చేస్తాయి, బంపరైనా అతుకుతాయి. ఆ పనితనం చూడకుండా జీతం రసీదు ఒక్కటే చూస్తే ఎలాగండీ? పిల్లనిచ్చేవాళ్ళు ఆదాయం అడగాలి, అప్పులు అడగాలి, తాగుతాడా అని అడగాలి. చేతిపనికి నవ్వడం దేనికి?

వాడికి మొత్తం 16 వేలు అయింది, అందులో స్పీకరూ ఆంప్లిఫయరూ పాతవి. ఇప్పుడు మా వీధి ఆటో ఆయన తన ఆటోకి చిన్న పెట్టె చేసిపెట్టమన్నాడు. వీడు రెజిన్, చాప, చెక్క ఖర్చు మాత్రమే కాగితం మీద రాసుకొచ్చాడు. కూలి ఏదిరా అంటే నీళ్ళు నమిలాడు. మూడు ఆదివారాలు, రోజుకి ఆరు గంటలు, ఇద్దరు మనుషులు అని నేనే కింద రాసి, మా అమ్మాయి వాటా విడిగా గీత గీసి ఇచ్చాను. ఆటో ఆయన ఇంకా బేరమాడుతున్నాడు.