ఐదేళ్ల గడువు ఎవరి గడియారం ప్రకారం?

పేద దేశాల యువ కాన్సర్ పరిశోధకులకు ఫెలోషిప్‌లు ఇస్తామంటూ విదేశీ సంస్థల ప్రకటనలు ఏటా వస్తుంటాయి. విమానం టికెట్టు, నెలనెలా భత్యం, పేరున్న ప్రయోగశాలలో చోటు... చదువుతుంటేనే కడుపు నిండుతుంది. అర్హతల దగ్గరికొచ్చేసరికి ఒక చిన్న షరతు కనిపిస్తుంది. పిహెచ్‌డీ పూర్తయి ఇన్నేళ్లు దాటకూడదు. చాలా చోట్ల అది ఐదేళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉంది. 1966 నుంచి ఫెలోషిప్‌లు ఇస్తున్న ఆ సంస్థ కూడా పోస్ట్ డాక్టరల్ అభ్యర్థులకు ఈ ఐదేళ్ల లెక్కే పెట్టింది. ఈ షరతు ఆడా మగా తేడా చూడదని సమర్థిస్తారు. నిజమే, చూడదు. మా గొడవంతా అందుకే.

మాకు తెలిసిన ఒక పరిశోధకురాలు ఇరవై తొమ్మిదో ఏట పట్టా తీసుకుంది. "చదువు అయిపోయిందిగా, ఇంకేం ఆలస్యం?" అన్నారు ఇంట్లో. పెళ్లి, రెండు కాన్పులు, మంచాన పడ్డ అత్తగారు. మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చునేసరికి ఆరేళ్లు గడిచాయి. ఆమెతోపాటే పట్టా తీసుకున్న మగ సహాధ్యాయికీ పెళ్లయింది, ఇద్దరు పిల్లలూ పుట్టారు. కానీ ఆయన ఒక్కరోజు కూడా ప్రయోగశాల మానలేదు. వంట, పిల్లల జ్వరాలు, ముసలివాళ్ల మందులు ఇంట్లో మరో మనిషి చూసుకుంది. ఇద్దరికీ ఒకటే నిబంధన. ఆయన యువ శాస్త్రవేత్త అయ్యాడు, ఆమె గడువు దాటిన మనిషి అయింది. మందు సీసా మీద రాసినట్టు!

గడువు లేకపోతే పెద్దవాళ్లొచ్చి పిల్లల అవకాశాలు లాక్కుంటారని ఒక వాదన ఉంది. అది కొట్టిపారేసేది కాదు. అయితే లెక్కపెట్టాల్సింది పరిశోధన చేసిన ఏళ్లను, క్యాలెండరులో తిరిగిపోయిన కాగితాలను కాదు. ఇదేమీ అసాధ్యం కాదు. యూరోపియన్ పరిశోధన మండలి తన గ్రాంట్లకు ఒక్కో బిడ్డకూ తల్లికి 18 నెలలు గడువు పెంచుతుంది. మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం కూడా చదువు మధ్యలో ఆగిన మహిళా శాస్త్రవేత్తల కోసం 2002-03లోనే ఒక పథకం పెట్టింది. యూరప్ తల్లికి తెలిసిన లెక్క, ఢిల్లీ గుమాస్తాకు తెలిసిన లెక్క, పేద దేశాల కోసమే పెట్టిన ఫెలోషిప్‌లు అన్నిటికీ ఎందుకు తెలియదు?

ఇది కొద్దిమంది చదువుకున్న ఆడవాళ్ల ఉద్యోగాల గోల అనుకునే మిత్రులున్నారు. వాళ్లకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ సంగతి చెప్పాలి. 2022లో ప్రపంచంలో సుమారు మూడున్నర లక్షల మంది స్త్రీలు దీంతో చనిపోయారు. అందులో నూటికి 94 మంది పేద, మధ్య ఆదాయ దేశాల వాళ్లే. ముందే కనిపెడితే నయం చేయగల జబ్బు ఇది. ఈ జబ్బు మీద పరిశోధనకు మన ఆడవాళ్ల శరీరాలు ఎప్పుడూ పనికొచ్చాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మందికి పైగా స్త్రీలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. టాటా మెమోరియల్, బార్షీలోని నర్గీస్ దత్ ఆస్పత్రులతో కలిసి దాన్ని నడిపింది ఆ లియాన్ సంస్థే. హెచ్‌పివి పరీక్ష ఒక్కసారి చేస్తేనే మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని 2009లో తేలింది. గొప్ప ఫలితమే. పోలిక కోసం పరీక్ష చేయకుండా ఉంచిన గుంపులో ముప్పై ఒక్క వేల మందికి పైగా స్త్రీలున్నారన్నది కూడా దానిలో భాగమే.

అదే 2009లో మన ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంలో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పివి టీకాలు వేశారు. ఎందరో గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని నడిపిన అమెరికా సంస్థ పాత్‌ను తీవ్రంగా తప్పుపట్టింది. టీకా వల్లే పిల్లలు చనిపోయారని రుజువు కాలేదు. టీకాకు మేం వ్యతిరేకం కూడా కాదు. మా ప్రశ్న వేరు. ఆ పిల్లల అమ్మ పక్కన కూర్చుని ఆమె భాషలో చెప్పి, ఆమె వద్దంటే వద్దని రాసుకోగల పరిశోధకురాలు ఆ బల్ల దగ్గర ఎందుకు లేదు? నమూనాలివ్వడానికి ఏ వయసైనా సరిపోయిన ఆడది ప్రశ్న వేయడానికి వచ్చేసరికి వయసు మీరిపోతుందా?

ఫెలోషిప్‌లు వృథా అనడం లేదు. కమల్ రణదివే 1949లో బొంబాయిలో పిహెచ్‌డీ చేసి, ఫెలోషిప్ మీద అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు వెళ్లింది. జార్జ్ గై దగ్గర కణజాల వర్ధనం నేర్చుకుంది. (హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారం నుంచి 1951లో ఆమెను అడక్కుండా తీసిన కణాలను పెంచింది ఈ గై ప్రయోగశాలే. ఇక్కడా ఇచ్చింది ఎవరో, పేరు పొందింది ఎవరో చూడండి.) కమల్ తిరిగొచ్చి దేశంలో మొదటి కణజాల వర్ధన ప్రయోగశాల పెట్టింది. తిరిగి రావడానికి బొంబాయిలో ఒక సంస్థ ఉంది, అందులో ఆమెకు స్థానం ఉంది. ఇప్పటి ఫెలోషిప్‌లు కూడా తిరిగి వెళ్లి స్వదేశంలో పనిచేయాలనే కోరతాయి. వెళ్లిన మనిషికి ఇక్కడ కుర్చీ ఉంచే పూచీ మాత్రం ఎవరూ తీసుకోరు. తాత్కాలిక ఉద్యోగాల్లో ఎక్కువగా ఉండేది ఆడవాళ్లే కాబట్టి ఆ కుర్చీ ముందుగా పోయేదీ వాళ్లదే. ఇక పాలు తాగే బిడ్డను వెంట తీసుకెళ్లాల్సిన తల్లికి బిడ్డ టికెట్టు, బిడ్డను చూసే మనిషి ఖర్చు ఎవరిస్తారు? కుటుంబ భత్యమిచ్చే సంస్థలు లేకపోలేదు. నెల, రెండు నెలల శిక్షణల్లో మాత్రం సాధారణంగా ఒక్క మనిషి లెక్కే.

మా పరిశోధకురాలు ఒక సంస్థకు ఉత్తరం రాసింది. రెండు ప్రసూతుల కాలం తీసేసి లెక్కపెడితే తనకింకా గడువుందని, సర్టిఫికెట్లు జతచేసింది. నిబంధనల్లో వీల్లేదని రెండు లైన్ల జవాబొచ్చింది. నిబంధన రాసిన కమిటీలో ఎందరు స్త్రీలున్నారో, వాళ్లలో ఎందరు మన వంటి దేశాల వాళ్లో అడుగుతూ రెండో ఉత్తరం మేం రాస్తున్నాం. ఇలాంటి జవాబులు అందుకున్నవాళ్లు వాటి నకళ్లు మాకు పంపండి, జతచేస్తాం.