గాలి వాలు - 14: వెయ్యిన్నలభైనాలుగు టన్నులూ ఒక మ్యాన్‌హోలూ

పోయిన భాగం కింద ఒక సారు కామెంటు పెట్టారు. మీవాళ్లు ప్రతిదానికీ కులం అంటగడతారు, రసాయన ఆయుధాలు మొత్తం మానవజాతి సమస్య, విషవాయువు కులం అడిగి ముక్కులోకి పోదు అని. లైకులు బాగానే పడ్డాయి.

నిజమే సారూ, గాలి కులం అడగదు. ఆ గాలికి ఎదురుగా ఎవర్ని నిలబెట్టాలో నిర్ణయించేవాడు అడుగుతాడు. మన ఊళ్లే చూడండి. వాడ ఎక్కడుంటుంది? ఊరి మురుగు దిగే పల్లంలో, ఊరి మీంచి వచ్చే గాలి తగిలే దిక్కున. మా ముత్తాతలు వాస్తు తెలియక అక్కడ గుడిసె వేసుకోలేదు.

ఒక సంగతి ముందే చెప్పేస్తా, మళ్లీ కామెంట్లలో మెలిక పెట్టొద్దు. నేను నిరాయుధీకరణ పక్షమే. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం మనిషి చేసిన మంచి పనుల్లో ఒకటి. ప్రపంచ దేశాలు తమ దగ్గర ఉన్నాయని ఒప్పుకున్న 72 వేల టన్నుల పైచిలుకు విషాన్ని అంతర్జాతీయ తనిఖీదారుల కళ్లెదుట నాశనం చేశారు. చివరిది 2023 జూలై 7న అమెరికాలోని కెంటకీలో అయిపోయింది. దాన్ని తక్కువ చెయ్యను. కానీ "సురక్షితంగా నాశనం" అన్న మాటలో సురక్షితం ఎవరికి అన్నదే నా పేచీ.

అమెరికాలో ఇండియానా రాష్ట్రం, న్యూపోర్ట్ అనే చోట సైన్యం 1960లలో వీఎక్స్ తయారుచేసింది. చర్మం మీద ఒక్క చుక్క పడితే మనిషి మిగలడు. అలాంటిది వెయ్యి టన్నులకు పైగా అక్కడ ట్యాంకుల్లో మిగిలిపోయింది. దాన్ని కాల్చలేదు, వేడి కాస్టిక్ సోడా నీళ్లలో కలిపి విరిచేశారు. పద్ధతి మంచిదే. కానీ విరిచాక మిగిలిన ఘాటు నీళ్లు దాదాపు 18 లక్షల గ్యాలన్లు. వాటినేం చెయ్యాలి?

ముందు ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌కు పంపుదామనుకున్నారు. అక్కడి జనం అడ్డం తిరిగారు, ఆగిపోయింది. తర్వాత న్యూజెర్సీలో డ్యుపాంట్ కంపెనీ ప్లాంటులో శుద్ధి చేసి డెలవేర్ నదిలో వదులుదామన్నారు. జనం, ఆ చుట్టుపక్కల రాష్ట్రాల నాయకులు గోల చేశారు. 2007 జనవరిలో కంపెనీ తప్పుకుంది. ఇక మూడోసారి సైన్యం తెలివి తెచ్చుకుంది. ఎవర్నీ అడగలేదు! 2007 ఏప్రిల్‌లో వియోలియా అనే కంపెనీతో ఒప్పందం చేసుకుని, టెక్సాస్‌లోని పోర్ట్ ఆర్థర్ శివారు కొలిమికి ట్యాంకర్లు తోలడం మొదలుపెట్టింది. లారీలు బయల్దేరాక గానీ చాలామందికి సంగతి తెలియలేదు.

పోర్ట్ ఆర్థర్ అంటే పెద్దపెద్ద చమురు శుద్ధి కర్మాగారాల ఊరు. పడమటి పేట నల్లజాతి వాళ్లది. రైలు పట్టాలకు అటు వాళ్లు, ఇటు వీళ్లు. పిల్లలకు ఉబ్బసం, పెద్దలకు నిరుద్యోగం. కర్మాగారం ఉన్నది వాళ్ల ముంగిట్లో, అందులో ఉద్యోగాలు మాత్రం వేరేవాళ్లకు. మనకు కొత్త కథేం కాదు కదా. ఆ ఊరి బిడ్డ హిల్టన్ కెల్లీ జనాన్ని కూడగట్టి పోరాడాడు. తర్వాత 2011లో ఆయనకు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి ఇచ్చారు. ఈ ట్యాంకర్ల మీద పర్యావరణ సంఘాలు కోర్టుకూ వెళ్లాయి. కొన్నాళ్లు లారీలు ఆగాయి. కోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు, మళ్లీ కదిలాయి. మొత్తం నాలుగు వందలకు పైగా ట్యాంకర్లు.

అప్పుడు సైన్యం జనానికి చెప్పిన ధైర్యం ఏమిటో తెలుసా? ఈ నీళ్లు ఇళ్లల్లో వాడే డ్రైన్ క్లీనర్ లాంటివేనట. అంత మామూలు సరుకైతే ఇండియానాలోనే ఉంచుకోవచ్చుగా. వందల మైళ్లు మోసుకుపోయి ఆ ఊరి పక్కనే ఎందుకు కాల్చాలి? "డ్రైన్" అన్న మాట మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తా.

అలబామాలో అనిస్టన్ అని ఇంకో ఊరుంది. 1961 మే 14న ఫ్రీడం రైడర్ల బస్సును తగలబెట్టింది ఆ ఊరి దగ్గరే. పడమటి అనిస్టన్‌లో, నల్లవాళ్ల పేటల పక్కన, దశాబ్దాలపాటు పీసీబీ అనే విషం తయారైంది. మట్టిలో, వాగులో, మనుషుల రక్తంలో చేరింది. ఆ ఊరికే 2003లో నర్వ్ గ్యాస్ కాల్చే కొలిమి కూడా వచ్చింది. దగ్గర్లో ఉన్నవాళ్లకు మొహానికి తొడుక్కునే ముసుగులు, కిటికీలకు కట్టుకోవడానికి ప్లాస్టిక్ షీట్లు, టేపు చుట్టలు పంచారు. 2011 దాకా కాల్చారు. జనం కుప్పకూలే ప్రమాదమేదీ జరగలేదు, అదీ చెప్పాలి. ఉటాలో, ఒరెగాన్‌లో తెల్లవాళ్ల ప్రాంతాల్లోనూ ఇలాంటి కొలిమిలే పెట్టారు, అదీ దాచను. అందుకే నేను అనిస్టన్ కన్నా పోర్ట్ ఆర్థర్ మీద ఎక్కువ ఆగాను. మొదటి రెండు ఊళ్లూ వద్దన్నాయి, వాటి మాట చెల్లింది. మూడో ఊరిని అడగనే లేదు.

ఇప్పుడు మన దేశానికి రండి సారూ.

1992లో మన ప్రభుత్వం పాకిస్తాన్‌తో కలిసి ఒక ప్రకటన చేసింది, మా దగ్గర రసాయన ఆయుధాలు లేవని. 1993 జనవరిలో నిషేధ ఒప్పందం మీద సంతకం పెట్టింది. 1997 ఏప్రిల్‌లో ఒప్పందం అమల్లోకి వచ్చింది. అప్పుడు బయటపడింది, 1,044 టన్నుల మస్టర్డ్ ఉందని. లేవన్నవాళ్లే లెక్క చెప్పారు! ఎందుకు చెప్పారు? ఆ ఒప్పందానికి పళ్లున్నాయి. ఎంతుందో చెప్పాలి, ఎక్కడుందో చూపాలి, బయటి తనిఖీదారులు వచ్చి సీళ్లు వేస్తారు, నాశనం చేసేటప్పుడు పక్కనే నిలబడతారు. గడువులు కూడా ముక్కముక్కలుగా పెట్టారు. మూడేళ్లలో ఒక శాతం, ఐదేళ్లలో ఇరవై, ఏడేళ్లలో నలభై ఐదు, పదేళ్లలో మొత్తం. మనవాళ్లు రెండేళ్లు అదనంగా అడిగి 2009కల్లా పూర్తి చేశారు. శభాష్.

అదే 1993లో ఇంకో చట్టం చేశారు. మనుషుల చేత మలం ఎత్తించడం నేరమని. అదీ 1997లోనే, జనవరి 26న అమల్లోకి వచ్చింది. రెండూ ఒకే ఏడు పుట్టాయి, ఒకే ఏడు నడక మొదలుపెట్టాయి. ఒకటి పన్నెండేళ్లలో పని ముగించింది. రెండోది పనిచెయ్యక, 2013లో మళ్లీ కొత్త చట్టం చేయాల్సొచ్చింది. అది డిసెంబర్ 6న, బాబాసాహెబ్ వర్ధంతి నాడు అమల్లోకి వచ్చింది. సరిగ్గా నాలుగు రోజులకు రసాయన ఆయుధాల నిషేధ సంస్థ ఓస్లోలో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది.

మ్యాన్‌హోల్లో మనిషిని చంపేదేమిటి? ఎక్కువగా హైడ్రోజన్ సల్ఫైడ్. మొదట కుళ్లిన గుడ్డు వాసన. మోతాదు పెరిగితే ముక్కే చచ్చుబడిపోతుంది, వాసన పోయిందనుకుంటాం. ఇంకో రెండు ఊపిరులకు మనిషి పడిపోతాడు. వాణ్ని పైకి లాగుదామని తమ్ముడో, బావమరిదో దిగుతాడు. అందుకే మన పేపర్లలో ఆ వార్త ఎప్పుడూ ఇద్దరు, ముగ్గురు అని వస్తుంది. ఇదే వాయువును 1916లో బ్రిటిష్ సైన్యం యుద్ధంలో ఆయుధంగా వాడింది. కందకంలో సైనికుడి మీద వదిలితే అంతర్జాతీయ నేరం. కాలవలో మాదిగోడి మీద వదిలితే "దురదృష్టకర ఘటన".

2021 జూలైలో రాజ్యసభలో సామాజిక న్యాయ శాఖ మంత్రి ఏమన్నారు? మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల ఎవరూ చనిపోయినట్టు సమాచారం లేదన్నారు. చట్టం మలం ఎత్తేవాణ్ని ఒక గడిలో, మురుగులోకి దిగేవాణ్ని "ప్రమాదకర శుభ్రత" అన్న ఇంకో గడిలో రాసుకుంది. మొదటి గడి ఖాళీ. రెండో గడిలో శవాలు. 1992 నాటి "మా దగ్గర లేవు" అన్న మాటే ఇది. తేడా ఒక్కటే. అప్పుడు తలుపు తట్టడానికి హేగ్ నుంచి మనుషులు వచ్చే వీలుంది. ఇప్పుడు పని చేయించేదీ మునిసిపాలిటీయే, మా ఊళ్లో ఎవరూ లేరని సర్టిఫికెట్టు ఇచ్చేదీ మునిసిపాలిటీయే.

బెజవాడ విల్సన్ లాంటివాళ్లు, ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి పెద్దలు అండగా నిలిచి ఏళ్ల తరబడి కొట్లాడితే, 2014లో సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలు ఇమ్మంది. 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. డబ్బు ఇవ్వాలి, కాదనను. కానీ రసాయన ఆయుధాల ఒప్పందం చచ్చినవాడికి ఎంత అని మొదలవలేదు. ఎంత నిల్వ ఉంది, ఏ తేదీకి లేకుండా చేస్తావ్ అని మొదలైంది.

నాకు కావాల్సింది ఆ ఒప్పందంలో ఉన్నదే. ప్రతి మునిసిపాలిటీ తన మ్యాన్‌హోళ్లెన్నో, యంత్రం పోలేనివి ఎన్నో ప్రకటించాలి. శాతాల లెక్కన గడువు పెట్టాలి. తనిఖీకి వచ్చేవాళ్లు ఆ శాఖ వాళ్లు కాకూడదు, ఆ పని చేసిన కుటుంబాల నుంచే రావాలి. వాళ్లకు సీలు వేసే అధికారం ఉండాలి. డబ్బులేదంటారా? 1,044 టన్నులకు దొరికింది.

మిత్రులారా, ఈ వారం ఒక పని చెయ్యండి. మీ మునిసిపాలిటీకి ఆర్టీఐ వెయ్యండి. పది రూపాయలే. మీ దగ్గర గ్యాస్ కొలిచే మీటర్లు ఎన్నున్నాయి, పోయిన ఏడాది వాటిని ఏయే తేదీల్లో వాడారు, కాంట్రాక్టరు ఎవరు, మనిషిని దింపడానికి లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చిన అధికారి ఎవరు అని అడగండి. జవాబొచ్చినా, రాకపోయినా ఫొటో తీసి ఈ పోస్టు కిందే పెట్టండి. పదిహేనో భాగం ఆ కాగితాల మీదే. మొదటి కామెంటు పెట్టిన సారూ, మీరు కూడా.

జై భీమ్.