యుద్ధం ముగిసినా వీడని భూముల లెక్క.. నాటి రన్‌వేలు ఇప్పుడేమయ్యాయి?

గంభీరావుపేట: సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల నుంచి గల్ఫ్ బాట పట్టే వాళ్లకు ఇప్పటికీ శంషాబాదే దిక్కు. ఉమ్మడి కరీంనగర్‌కు ఎయిర్‌పోర్టు కావాలన్న డిమాండ్ పాతదే. అయితే ఎక్కడ కొత్త ఎయిర్‌పోర్టు మాట వచ్చినా ముందు తెరపైకి వచ్చేది భూమి సమస్యే. యుద్ధకాలంలో హడావుడిగా వేసిన పాత రన్‌వేల చరిత్ర చూస్తే ఈ చిక్కు ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది.

అసలెందుకు వేశారు?

1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడపై బాంబులు వేశాయి. దాంతో తెలుగు తీరం ఒక్కసారిగా యుద్ధరంగం అంచుకు చేరింది. బ్రిటిష్ ప్రభుత్వం చదునైన నేల, పక్కనే రైలు మార్గం ఉన్న చోట్లు చూసుకుని రన్‌వేలు వేసింది. తాడేపల్లిగూడెం, దొనకొండ ఎయిర్‌స్ట్రిప్‌లు ఆ కాలానివే. గన్నవరం కూడా అప్పట్లో సైనిక స్థావరమే.

భూమి ఎలా దొరికింది? భారత రక్షణ నిబంధనల కింద సర్కారు భూమిని 'రిక్విజిషన్' చేసుకోవచ్చు. అంటే వాడుకునే హక్కు సర్కారుది, యాజమాన్యం మాత్రం పట్టాదారుదే. అవసరం తీరాక తిరిగి ఇచ్చేయాలి, లేదంటే పరిహారం కట్టి శాశ్వతంగా సేకరించాలి. తాత్కాలికం అన్న మాటకు చట్టంలో అర్థం ఇదే.

మూడు ఊళ్లు.. మూడు దారులు

గన్నవరం విజయవాడ ఎయిర్‌పోర్టుగా ఎదిగింది. తాడేపల్లిగూడెంలో విమానాలు రాలేదు కానీ, 2015లో మొదలైన ఎన్‌ఐటీకి విమానాశ్రయ భూముల్లోనే చోటు దొరికింది. దొనకొండ పేరు రాష్ట్ర విభజన సమయంలో రాజధాని చర్చలోకి వచ్చింది, ఆ తర్వాత పారిశ్రామిక ప్రాంతం అన్నారు. ఎయిర్‌స్ట్రిప్ మాత్రం అలాగే పడి ఉంది.

మామునూరు చెప్పే పాఠం

తెలంగాణలో అందరికీ తెలిసిన ఉదాహరణ వరంగల్ మామునూరు. ఇది యుద్ధం కోసం పుట్టింది కాదు, 1930లో నిజాం హయాంలో వచ్చింది. కానీ యుద్ధ సమయాల్లో అక్కరకొచ్చింది. 1948లో సిడ్నీ కాటన్ కరాచీ నుంచి నిజాంకు ఆయుధాలు చేరవేసిన విమానాలు బీదర్‌తో పాటు వరంగల్‌లోనూ దిగాయి. 1962 చైనా యుద్ధంలో ప్రభుత్వ విమానాలను ఇక్కడే దాచారని చెబుతారు. 1981లో రాకపోకలు ఆగిపోయాయి.

ఒకప్పుడు ఈ ఎయిర్‌పోర్టు పరిధి 1,875 ఎకరాలు. చివరికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో మిగిలింది 700 ఎకరాల లోపే. విస్తరణకు మరో 253 ఎకరాలు కావాల్సి రావడంతో 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం రూ.205 కోట్లు మంజూరు చేసింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో ఎయిర్‌పోర్టు ఉండొద్దన్న ఒప్పందం అడ్డుపడితే, జీఎంఆర్ అభ్యంతరం లేదని చెప్పాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఓకే చెప్పింది. వెయ్యి ఎకరాలకు పైగా చేజారాక, అందులో పావు వంతు కోసం మళ్లీ రైతుల దగ్గరికే వెళ్లాల్సి వచ్చిందన్నమాట.

ఆదిలాబాద్ దీనికి భిన్నం. అక్కడి పాత ఎయిర్‌ఫీల్డ్ భూమి 360 ఎకరాలకు పైగా వాయుసేన చేతిలోనే ఉంది. 2025 ఏప్రిల్‌లో పౌర విమానాలకూ అనుమతి వచ్చింది.

తేల్చాల్సింది ఇదే

రన్‌వే పాడైతే మళ్లీ వేసుకోవచ్చు. చెదిరిపోయిన భూమిని కూడగట్టడానికే ఏళ్లు పడుతుంది, భారమంతా చుట్టుపక్కల రైతుల మీద పడుతుంది. రామగుండం దగ్గర బసంత్‌నగర్ పాత రన్‌వేను పరిశీలించి, ఇప్పుడు అంతర్గాం వైపు చూస్తున్నారు. అక్కడైనా ఎంత భూమి కావాలి, ఎవరిది తీసుకుంటారు, పరిహారం ఎంత అన్నది ముందే కాగితం మీద పెట్టాలి. మధ్యలో ప్రాజెక్టు ఆగితే ఆ భూమి ఎవరికి చెందుతుందో కూడా అందులోనే రాయాలి.