పచ్చిక మొలచినంతనే పని ముగిసినదా?

గని మూతపడిన పిదప దాని గోతులను పూడ్చి, రాతిగుట్టలను సవరించి, వానిపై మట్టి కప్పి, గడ్డియు చెట్లును పెంచుట నేడు పరిపాటియైనది. అది మెచ్చదగిన పనియే. అయితే పచ్చదనమును చూచి, "ఇక ఏటేట నీటిని పరీక్షించుటకు ధనమేల వ్యయము చేయవలెను?" అని యడుగువారు పలువురు కలరు. నా తరగతిలోని బాలురును ఇట్లే యడిగిరి. ఆ ప్రశ్నకు జవాబు గుట్టమీది గడ్డియందు లేదు. దిగువనున్న వాగునందును బావియందును కలదని నా యభిప్రాయము.

ఇందుకు ఆస్ట్రేలియా ఖండపు ఉత్తరభాగమున, డార్విన్ పట్టణమునకు దక్షిణముగా నున్న రమ్ జంగిల్ అను గని చక్కని నిదర్శనము. 1949లో అచ్చట యురేనియము కనుగొనబడెను. 1954 మొదలు 1971 వఱకు గని పని సాగెను. యురేనియమును రాగిని తీసికొని, పనికిరాని రాతిని గుట్టలుగా పోసి విడిచిరి. ఆ గుట్టలనుండి జాఱిన నీరు ఫినిస్ నది తూర్పుశాఖలో కలిసి, కొన్ని మైళ్ల పర్యంతము చేపలు బ్రతుకనేరని నీటిగా దానిని మార్చెను.

దీనికి కారణమేమన, అట్టి రాతిలో ఇనుమును గంధకమును కూడిన పైరైటు అను ఖనిజముండును. భూగర్భములో గాలి సోకనంతకాలము అది హాని చేయదు. బయటపడి గాలియు నీరును తగిలెనేని గంధకామ్లమును పుట్టించును. కంటికి కానరాని సూక్ష్మజీవులు ఈ మార్పును త్వరపఱచును. ఆ యామ్లము రాతిలోని రాగి, మాంగనీసు, జింకు మొదలగు లోహములను కరిగించి, వాగులోనికిని భూగర్భజలములోనికిని కొనిపోవును.

1982 మొదలు 1986 వఱకు ఆ గనిని బాగుచేసిరి. గుట్టలను సవరించి బంకమట్టితో కప్పి గడ్డి నాటిరి. గోతులలోని నీటిని సున్నముతో శుద్ధిచేసిరి. నదిలో చేరు లోహములు చాల తగ్గెను. ఆ కార్యము ఆదర్శప్రాయమని కొనియాడబడెను. కాని పరీక్షకులు అంతటితో ఊరకుండలేదు. కురిసిన వర్షములో నూటికి 5 పాళ్లకు మించి గుట్టలోనికి దిగరాదని నియమముండెను. మొదట అట్లే యుండెను. కొన్ని యేండ్లకు కప్పు చెడి, నీరు అధికముగా దిగసాగెను. ఈ సంగతి గడ్డిని చూచినవారికి తెలియలేదు. కప్పుక్రింద నమర్చిన కొలపాత్రలు తెలిపెను. తుదకు 2009లో ప్రభుత్వములు ఒడంబడిక చేసికొని, మరల శోధన లారంభింపవలసి వచ్చెను. పని ముగిసినదనుకొనిన 23 సంవత్సరములకు, ఆ భూమికి తరతరముల వారసులైన కుంగరకన్, వరాయ్ జనుల నీటివిషయమై క్రొత్తగా యోచింపవలసివచ్చె నన్నమాట! నీటిని కొలువకుండినచో, ఆ యోచనయే పుట్టియుండదు.

అయితే ఏడాదికొకమారు ఒక సీసా నీరు పట్టుట పరీక్ష కానేరదు. గనికి ఎగువను దిగువను రెండుచోట్లను నీరు పట్టవలెను. లేనిచో దోషము గనిదో కాదో తెలియదు. తొలకరి వానలకు ప్రత్యేకముగా పట్టవలెను; వేసవియంతయు పేరుకొనిన లవణములు ఆ మొదటి నీటితోనే కొట్టుకొనివచ్చును. నిండువఱదలో నీరు పలుచబడి మంచిదివలె కానవచ్చును గనుక, ప్రవాహ పరిమాణమును గూడ కొలువవలెను. లిట్మసు కాగితము ఎఱ్ఱబాఱలేదని సంతోషింపరాదు. సున్నపురాయి ఆమ్లమును అణచినను, సల్ఫేటు నీటిలో నిలిచి ముందుగా హెచ్చరించును. భూగర్భజలము మిక్కిలి మెల్లగా నడచును. నేడు గుట్టక్రింద నింకినది ఊరిబావిని చేరుటకు ఎన్నో యేండ్లు పట్టవచ్చును. కావున నడుమ పరీక్షాబావులు త్రవ్వి, ఏండ్లతరబడి కనిపెట్టుచుండవలెను.

తేటనీరెల్ల మంచినీరు కాదని మన తెలుగుసీమకు వేఱుగ చెప్పనక్కఱలేదు. నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో బావినీటి ఫ్లోరైడువలన పండ్లును ఎముకలును చెడుచున్నవని 1937లో వైద్యులు ప్రకటించిరి. ఆ దోషము గనివలన వచ్చినది కాదు, నేలలోనిదే. అయినను కంటికి తెలియని కీడును పరీక్షయే బయటపెట్టినది. మన బొగ్గుగనుల సీమలో దిబ్బలపై చెట్లు నాటునప్పుడు ఈ పాఠమును మఱవరాదు.

వ్యయము అధికమని కొంద రందురు. గనివలన లాభము పొందినవారే ఆ వ్యయమును భరించుట న్యాయము. లాభము కొన్నియేండ్లది, నీరు తరతరములది. పరీక్షాఫలములను కార్యాలయపు బీరువాలో దాచక, ఆ నీరు త్రాగువారికి వారి భాషలో తెలియజేయవలెను.

సున్నము కొట్టిన సమాధులనుగూర్చి మన ప్రభువు పలికిన మాట విద్యార్థులందఱును ఎఱిగినదే. వెలుపలి సొగసునుబట్టి లోపలి శుద్ధిని నిర్ణయింపరాదు. ప్రియ బాలబాలికలారా! మీలో కొందఱు రేపు గనులలో అధికారులగుదురు, కొందఱు రసాయనశాలలలో పనిచేయుదురు. పచ్చనిగుట్టను చూపి "అంతయు బాగుగనున్నది" అని సంతకము చేయుమని యెవరైన కోరినచో, ముందు దిగువకు నడచి, ఆ బావిలో చేదవేసి నీరు తోడి పరీక్షింపుడు. పిమ్మటనే సంతకము చేయుడు.