తవుడిచ్చి కొన్న కొడుకు

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లాను, మా చెల్లెలింటికి. సకినాలు చుట్టడానికి తోడు రమ్మని ఫోన్ చేసింది. తడిబియ్యప్పిండిలో నువ్వులూ వామూ ఉప్పూ కలిపి, తెల్లటి నూలు బట్ట పరిచి ఇద్దరం కూర్చున్నామో లేదో, లోపలి గదిలోంచి కత్తుల చప్పుడు! నా గుండె గుభేలుమంది.

"ఏం కాదక్కా, పోరగాళ్లు ఆట ఆడుతున్నరు" అంది మా చెల్లెలు, చేతిలో పిండి ఆపకుండానే.

దానికి కవలపిల్లలు. ఇద్దరూ డిగ్రీ మొదటి సంవత్సరం. పావుగంట తేడాతో పుట్టినందుకు ఒకడు పెద్దోడు, ఇంకొకడు చిన్నోడు అయ్యారు. వెళ్లి చూస్తే పెద్దోడు ఆడుతున్నాడు, చిన్నోడు పక్కన కూర్చుని చూస్తున్నాడు. టీవీలో తెల్లజుట్టు, నీలికోటు మనిషొకడు పొడుగాటి కత్తితో రాక్షసులను నరుకుతున్నాడు.

"వీడెవడ్రా?" అన్నాను.

"వర్జిల్ అని పెద్దమ్మా. ఎర్రకోటు హీరో ఉంటడు, డాంటే. వాని కవల అన్న. మా లెక్కనే" అన్నాడు చిన్నోడు నవ్వుతూ. "వీడు ఎప్పుడూ వర్జిలే అంటడు. హీరోగా ఆడనే ఆడడు."

పెద్దోడు తల తిప్పలేదు. ఆ 'ఎప్పుడూ' అన్న మాట నాకెందుకో గుచ్చుకుంది. కూర్చుని కథంతా చెప్పించుకున్నాను.

ఇది 'డెవిల్ మే క్రై' అనే ఆటల వరస. జపాన్‌లోని క్యాప్‌కామ్ కంపెనీ 2001లో మొదలుపెట్టింది. తండ్రి స్పార్డా రాక్షసుడే అయినా మనుషుల పక్షాన నిలబడినవాడు. తల్లి ఈవా మామూలు మనిషి. కవలలిద్దరికీ చెరొక లాకెట్ ఇచ్చింది. ఒకరోజు రాక్షసులు ఇంటిమీద పడ్డారు. తల్లి డాంటేను బీరువాలో దాచిపెట్టి, కనబడని రెండో కొడుకును వెతుక్కుంటూ వెళ్లి ప్రాణం పోగొట్టుకుంది. ఆ సమయానికి వర్జిల్ బయట ఒంటరిగా రాక్షసులతో పోరాడుతున్నాడు. అమ్మ వెతుకుతూ వచ్చిన సంగతి వాడికి తెలియదు. 'అమ్మ వాణ్ణి కాపాడింది, నన్ను వదిలేసింది' అనే మాట ఒక్కటే మనసులో నాటుకుపోయింది. ఇక బలం తప్ప ఇంకేదీ అక్కర్లేదనుకున్నాడు.

2005లో వచ్చిన మూడో ఆటలో అన్నదమ్ములిద్దరూ తండ్రి శక్తి కోసం కొట్టుకుంటారు. చివరికి అన్న రాక్షసలోకంలోకి పడిపోబోతుంటే తమ్ముడు చెయ్యి చాపుతాడు. వాడు ఆ చెయ్యి అందుకోడు సరికదా, కత్తితో దాన్ని గీరి మరీ పడిపోతాడు! తల్లి తనను వెతుకుతూనే చనిపోయిందన్న నిజం 2019 నాటి అయిదో ఆటలో గానీ బయటపడదు. అప్పటికి ఇద్దరికీ వయసు మళ్లింది. అయినా మళ్లీ కత్తులు దూస్తే, వర్జిల్ కన్నకొడుకు నీరో మధ్యలో నిలబడి ఆపవలసి వచ్చింది.

ఇంకో చిత్రం చూడండి. ఇటలీ మహాకవి డాంటే కావ్యంలో ఆయనకు నరకంలో దారి చూపించేది వర్జిల్ అనే కవి. అక్కడ దారి చూపినవాడి పేరు ఇక్కడ దారి తప్పినవాడికి పెట్టారు.

మనకిది కొత్త కథేం కాదు. కర్ణుడి సంగతి గుర్తుకు రావడం లేదూ? కుంతి వచ్చి 'నువ్వు నా కొడుకువే' అని చెప్పేనాటికి యుద్ధం గుమ్మంలో ఉంది. మాట నిజమే, వేళ దాటిపోయింది. 2017లో వచ్చిన 'జై లవ కుశ' సినిమాలోనూ ముగ్గురు కవలల్లో నత్తి ఉన్నవాణ్ణి చిన్నచూపు చూస్తేనే కదా, వాడు రావణుడిలా తయారయింది!

మళ్లీ వచ్చి పిండి ముందు కూర్చున్నాను గానీ, చెయ్యి సాగలేదు. ఎందుకంటే మా పెద్దోడి కథ నాకు తెలుసు. పుట్టినప్పుడు చిన్నోడు మరీ అర్భకంగా ఉన్నాడు. తల్లిపాలు తప్ప ఏదీ పడేది కాదు. పెద్దోడు గట్టిపిండం. ఇద్దరితో వేగలేక వాణ్ణి మిర్యాలగూడలో మా అమ్మ దగ్గర వదిలింది చెల్లెలు. మూడేళ్లు వాడు అక్కడే పెరిగాడు. ఆ తర్వాత మేమందరం చేసిన పనేమిటో తెలుసా? చుట్టాలు చేరినప్పుడల్లా "నిన్ను మిర్యాలగూడ రైసుమిల్లులో తవుడిచ్చి కొన్నాంరా" అని వాణ్ణి ఏడిపించడం. అందరికన్నా ముందు అన్నది నేనే. వాడూ నవ్వేవాడు. నవ్వాడు కదా అని మనం మర్చిపోతాం.

ఆ మాటే చెల్లెలితో అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది: "ప్రతి ఆదివారం పోయేదాన్నక్కా. హుజూర్‌నగర్ మీదుగా బస్సు. వచ్చేటప్పుడు ఏడుస్తడని వాడు పండుకున్నంక చెప్పులు చేతబట్టుకొని బయటపడేదాన్ని."

అంటే వాడు కళ్లు తెరిచినప్పుడల్లా అమ్మ లేదన్నమాట! బస్సులో దారి పొడుగునా ఈమె ఏడ్చింది వాడికేం తెలుసు?

"ఇది వానికెప్పుడన్నా చెప్పినవా?"

"ఏం చెప్తనక్కా, ఎప్పటిదో."

చివరికి తనే పిలిచింది, "పెద్దోడా, ఇటు రా, రెండు సకినాలు చుట్టు" అని. వాడు వచ్చి కూర్చున్నాడు. పిండి చుడుతూనే చెప్పింది: వాణ్ణే ఎందుకు వదిలిందో, ఆదివారాల సంగతి, చెప్పుల సంగతి. వాడి చేతిలో సకినం రెండుసార్లు తెగింది.

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేందమ్మా?"

"నువ్వడగలేదు కదా బిడ్డా."

"ఎట్లడుగుతనమ్మా?" అన్నాడు. అంతే. మళ్లీ పిండి తీసుకున్నాడు.

కవలలున్న తల్లులే కాదు, ఇద్దరు పిల్లలున్న ప్రతి తల్లీ ఈ సంగతి ఆలోచించాలి. మనం చేసినదాన్నిబట్టి కాదు, తమకు కనబడినదాన్నిబట్టి పిల్లలు లెక్క కడతారు. ఒకరికి జ్వరమొచ్చి పక్కన కూర్చున్నా రెండోవాడికి కారణం చెప్పండి. బయటికి వెళ్లేటప్పుడు ఏడ్చినా సరే, చెప్పి వెళ్లండి. ఎప్పుడొస్తారో చెప్పండి, చెప్పిన వేళకు రండి. 'వాణ్ణి చూసి నేర్చుకో' అనే మాట కవలల దగ్గర అసలే వద్దు. రోజులో ఒక పది నిమిషాలు ఒక్కొక్కరితో విడిగా గడపండి, కూరగాయలు తరుగుతూ అయినా సరే.

అన్నట్టు ఈ ఆటల్లో నెత్తురు ఎక్కువ. అమెరికాలో పదిహేడేళ్లు నిండినవారికే అని ముద్ర వేశారు. బడిపిల్లలున్న ఇళ్లలో జాగ్రత్త. కానీ పెద్దపిల్లలు ఆడుతుంటే ఒక్కసారి పక్కన కూర్చుని 'నువ్వు ఎవరివిరా ఇందులో?' అని అడగండి. వాళ్లు నోరు విప్పి చెప్పని సంగతులు అక్కడ బయటపడతాయి.

బయల్దేరేముందు నేనూ చెప్పాను: "ఒరేయ్, తవుడు సంగతి ఉత్తదేరా. నాదే తప్పు."

"తెలుసు పెద్దమ్మా" అన్నాడు, సకినాల డబ్బా నా సంచిలో సర్దుతూ.

తెలిసినా, ఒకసారి చెవులారా వినాలని ఉంటుంది కదూ!