దసలి పట్టు వెనుక అడవి

పెండ్లిండ్ల కాలం వచ్చినదంటే మన కాలనీ ఆడపడుచులు చాంపాకు ప్రయాణం కట్టడం ఆనవాయితీ. హౌరా మార్గంలో బిలాసపూర్‌కు గంట దూరంలో ఉన్న ఆ ఊరి కోసా చీరల సంగతి వారికి మేము చెప్పనక్కరలేదు. ఈ కోసానే తెలుగునాట దసలి పట్టు అంటాము. మహదేవపూర్ ప్రాంతంలో అది చిరకాలపు జీవనోపాధి.

మల్బరీ పట్టుపురుగు ఇంటి తట్టలలో పెరుగుతుంది. దసలి పురుగు ఆరుబయట చెట్ల మీదనే పెరగాలి. కొన్ని రకాలను మద్దితోటలలో పెంచుతారు. బస్తర్ సాల్ అడవులలోని 'రైలీ' రకం మాత్రం అచ్చంగా అడవి సొత్తు. (మన రైలుకూ ఈ పేరుకూ చుట్టరికమేమీ లేదు!) కొమ్మకు కాడతో వ్రేలాడే ఆ పట్టుకాయలను గిరిజనులు చెట్టుచెట్టూ వెదకి, కోసి, సంతకు తెస్తారు.

చిక్కంతా ఇక్కడనే ఉన్నది. పోగు తెగకుండా రావాలంటే రెక్కల పురుగు వెలువడక మునుపే కాయను ఆవిరిపెట్టి లోపలి ప్రాణిని చంపాలి. వెలువడిన ఆడపురుగు ఆహారమేమీ తీసుకోకనే, బ్రతికిన ఆ కొద్ది రోజులలో సుమారు 200 గ్రుడ్లు పెడుతుంది. కాయలన్నీ సంతకు చేరితే మరుసటి పంటకు విత్తనమెక్కడిది? అట్లని, ఇంట గింజలు నిండుకున్న మనిషితో "నాలుగు కాయలు చెట్టుకే వదలవయ్యా" అనడం ఏమి న్యాయం? వదలిన కాయకు కూడా అతనికి వెల ముట్టాలి.

కేంద్ర పట్టు మండలి వారి దసలి విత్తన సంస్థ కార్యాలయం మన బిలాసపూర్‌లోనే ఉన్నదని మనలో ఎందరికి తెలుసు? బస్తర్‌లో కొన్ని కాయలను విత్తనానికి వేరుచేసి, వాటి సంతతిని తిరిగి సాల్ చెట్లకు చేర్చే ప్రయత్నాలు జరిగినవి. అయితే ఆ చెట్లే తరిగిపోతే ఏ ప్రయత్నమూ నిలువదు.

మరొక సంగతి. పురుగు తొలుచుకొని వెళ్ళిన కాయ వ్యర్థం కాదు. దాని నుండి చేతితో లాగిన ముతక నూలే 'ఘీచా'. ఎగుడుదిగుడుగా ఉన్నదని దానిని లోపంగా ఎంచి బేరమాడేవారు ఉన్నారు; మాకు ఆ గరుకులోనే అందం తోచినది. ఘీచా అంతా అటువంటి కాయలదే కాదు, పోగు సరిగా రాని ఇతర కాయలనూ వాడతారు. కనుక ఈసారి చాంపా వెళ్ళినప్పుడు నూలు ఏ కాయలదో, కాయలు ఏ అడవివో నేతగానినే అడుగుడు.